ఖాళీ ఆకాశం నింపడానికి: తొలినాటి ప్రకృతి దృశ్యాల ఫొటోల్లో భావం, ప్రతీక

సంక్షిప్తంగా: 19వ శతాబ్దపు ప్రకృతి దృశ్యాల ఫొటోల్లో మనకు కనిపించే గాంభీర్యం, దిగులు, నిశ్శబ్దం చాలావరకు ఆనాటి రసాయనాల చేతకానితనంలోంచి పుట్టినవే. నీలానికి మాత్రమే లొంగే గాజు పలకలు ఆకాశాన్ని తుడిచేశాయి, ఆకుల్ని నల్లబరిచాయి, దూరపు కొండల్ని పాలిపోయేలా చేశాయి. ఈ లోపాల్ని దాచడానికి, సరిదిద్దడానికి, చివరికి వాడుకోవడానికి ఫొటోగ్రాఫర్లు పడ్డ పాట్లలోంచే ల్యాండ్‌స్కేప్ ఫొటోకు ఒక భావ భాష ఏర్పడింది.

పాత కొండలు, నదులు, సముద్రాల ఫొటోలు చూసినప్పుడు రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. ‘అప్పట్లో ఉన్నది ఉన్నట్టు తీసేవారు’ అన్నది ఒకటి. ‘ఇదీ అతుకుల బొమ్మే, ఫొటోషాప్ అప్పుడే ఉంది’ అన్నది రెండోది. రెండింటిలోనూ సగమే నిజం. ఇప్పటికి మిగిలిన ఫొటోల్లో మొట్టమొదటిదే ఇందుకు సాక్ష్యం. ఫ్రాన్స్‌లో నియెప్స్ 1826లోనో 1827లోనో తన ఇంటి కిటికీ నుంచి తీసిన ఆ దృశ్యంలో ఎదురెదురు గోడలు రెండింటి మీదా ఎండ ఉంటుంది. బిటుమెన్ అనే తారులాంటి పదార్థం పూసిన లోహపు పలక మీద బొమ్మ పడేలోగా సూర్యుడు ఆకాశం దాటిపోయాడు. ఆ ఫొటోలో ఎవరూ ఏ అతుకూ వేయలేదు, అయినా అలాంటి వెలుగును ఏ కన్నూ ఏనాడూ చూసి ఉండదు.

## పలక కంటికి ఆనే రంగులు

ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ 1851లో ప్రకటించిన వెట్ కొలోడియన్ పద్ధతి ఆ తర్వాత దాదాపు 30 ఏళ్లు రాజ్యమేలింది. అందులో వెలుగును పట్టేది సిల్వర్ అయొడైడ్, సిల్వర్ బ్రోమైడ్. ఇవి అతినీలలోహిత, ఊదా, నీలం కాంతులకే స్పందిస్తాయి. పచ్చ అంతంతమాత్రం, పసుపు, ఎరుపు అసలు ఆనవు. మన ఎర్రమట్టి చేనునూ దాని గట్టున ఉన్న చింతచెట్టునూ ఆ పలక మీద తీస్తే మట్టి, ఆకు దాదాపు ఒకే నలుపులో కలిసిపోతాయి.

ఆకాశం సంగతి దీనికి పూర్తిగా ఎదురు. నేలమీది వివరాలు పడాలంటే లెన్సు మూత తీసి కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాల దాకా ఆగాలి. నీలాకాశానికి అందులో చిన్న వంతు చాలు. మిగిలిన సమయమంతా అది నెగెటివ్ మీద నల్లగా పేరుకుంటూనే ఉంటుంది. నెగెటివ్‌లో నలుపంటే ప్రింటులో తెలుపు. తెల్లటి మబ్బూ దాని వెనకున్న నీలమూ పలకకు ఒకటే కాబట్టి, ఆ రోజు ఎంత అందమైన మబ్బులు పట్టినా ప్రింటులో మిగిలేది ఉతికిన పంచెలాంటి తెలుపు.

మూడో ప్రభావం అంతగా చర్చకు రాదు. గాలిలోని కణాలు నీలికాంతిని ఎక్కువగా చెదరగొడతాయి. దూరపు కొండలు నీలంగా కనిపించేది అందుకే. నీలాన్నే చూసే పలక ఆ మసకను కంటికన్నా ఎక్కువగా చూస్తుంది. దాంతో దగ్గరి చెట్టు బొగ్గులా, నడిమి గుట్ట బూడిదలా, చివరి కొండ ఉందా లేదా అన్నట్టు పడతాయి. ఈ మూడు పొరల మధ్య అంతరమే చూసేవారికి లోతుగా, ఏకాంతంగా, ఒక్కోసారి విషాదంగా తోస్తుంది. ఫొటోగ్రాఫర్ ఆ భావం ఉద్దేశించాడా అంటే చాలాసార్లు లేదు.

## గాజు తడారేలోగా

భావం గురించి మాట్లాడే ముందు పని ఎలా జరిగేదో చూడాలి, ఎందుకంటే ఏ దృశ్యం ఎంచుకోవాలన్నది సగం ఈ పనే నిర్ణయించేది. గన్‌కాటన్‌ను (ఆమ్లాలతో మార్చిన దూదిని) ఈథర్, ఆల్కహాలులో కరిగించి, అయొడైడ్, బ్రోమైడ్ లవణాలు కలిపితే జిగురులాంటి కొలోడియన్ వస్తుంది. శుభ్రం చేసిన గాజు నడిమధ్యన దాన్ని పోసి, నాలుగు మూలలకూ పారేలా వంచి, మిగిలింది సీసాలోకి ఒంపాలి. పొర చిక్కబడగానే చీకట్లో సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో మూడు నుంచి ఐదు నిమిషాలు ముంచాలి. తీసి, తడి కారుతుండగానే హోల్డరులో పెట్టి, కెమెరా దగ్గరికి పరుగెత్తి, బొమ్మ తీసి, మళ్లీ చీకటి గుడారంలోకి రావాలి. బొమ్మను పైకి తేల్చే ఫెర్రస్ సల్ఫేట్ డెవలపర్‌ను ఒకే ఊపున పలకంతా పారేలా పోయాలి. ఎక్కడైనా ధార ఆగితే అక్కడ గీత పడుతుంది. పదిహేను, ఇరవై సెకన్లకు నీళ్లు కొట్టి ఆపి, హైపో అనే లవణ ద్రావణంలోనో పొటాషియం సయనైడ్‌లోనో బొమ్మ ఇక వెలుగుకు చెడకుండా స్థిరపరచి, కడిగి, ఆరబెట్టి వార్నిష్ వేయాలి. మొదటి నుంచి డెవలపింగ్ దాకా ఉన్న గడువు పది, పదిహేను నిమిషాలు. ఎండకాలంలో అదీ ఉండదు, ఈథర్ ఎగిరిపోయి పొర ఎండి మచ్చలు తేలుతుంది.

ఒక్క దుమ్ము రేణువు పడినా తోకచుక్కలాంటి మచ్చ వస్తుంది. అలాంటివి చెట్లలో, రాళ్లలో కలిసిపోతాయి గానీ ఆకాశంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అందుకే చాలామంది నెగెటివ్‌లో ఆకాశం భాగమంతా నల్ల సిరాతో పూసేసేవారు. పాత ఫొటోల్లో కనిపించే ‘నిర్మలమైన’ ఆకాశం చాలాసార్లు మచ్చలు దాచిన సిరా.

## ఒక కెరటం, రెండు నెగెటివ్‌లు

ఈ ఖాళీతో ఎక్కువగా కుస్తీ పట్టినవాడు ఫ్రాన్స్‌కు చెందిన గుస్తావ్ ల గ్రే. చిత్రకారుడిగా శిక్షణ పొంది ఫొటోగ్రఫీలోకి వచ్చినవాడు. 1856 నుంచి మూడేళ్లలోపు నార్మండీ తీరంలోనూ, మధ్యధరా తీరాన సెత్ పట్టణం దగ్గరా ఆయన తీసిన సముద్రపు ఫొటోలు ఈ చర్చకు కేంద్రం.

1857లో సెత్‌లో తీసిన పెద్ద కెరటం ఫొటోను దగ్గరగా చూడాలి. ప్రింటు సుమారు 30, 40 సెంటీమీటర్ల కొలతలో ఉంటుంది. ఒడ్డుకు విరుచుకుపడుతున్న అల, ఓ పక్క రాళ్లకట్ట, పైన బరువైన మబ్బులు. కన్ను అల మీద నుంచి మబ్బు మీదికి ఎక్కే దారిలో సముద్రం ఆకాశాన్ని తాకే గీత ఉంది. ఆ గీత దగ్గరే రెండు నెగెటివ్‌లు కలిశాయి. అలను ఆపేంత తక్కువ ఎక్స్‌పోజర్‌తో (పలకకు వెలుగు తగలనిచ్చే సమయంతో) ఒకటి, మబ్బుల కోసం విడిగా ఇంకొకటి. మబ్బుల నెగెటివ్‌ను ఆయన ఒక్కసారి వాడి వదిలేయలేదు. ఒకే ఆకాశం వేర్వేరు సముద్రాల మీద కనిపిస్తుంది.

జోడింపు ప్రింటు చేసేచోట జరిగేది. తెల్లసొన పూసిన కాగితాన్ని సిల్వర్ నైట్రేట్‌తో సిద్ధం చేసి, ముందు సముద్రపు నెగెటివ్‌ను దాని మీద అదిమి ఎండలో పెట్టాలి. ఆకాశం భాగం కప్పి ఉంటుంది కాబట్టి అక్కడ కాగితం తెల్లగానే మిగులుతుంది. తర్వాత ఆ నెగెటివ్ తీసి మబ్బుల పలక పెట్టి, ఈసారి సముద్రాన్ని అట్టముక్కతో కప్పి మళ్లీ ఎండలో పెట్టాలి. బొమ్మ కళ్లెదుటే నల్లబడుతుంది గనుక ఎప్పుడు తీయాలో చూసి తెలుసుకోవచ్చు. ఆఖరున బంగారు లవణంతో టోనింగ్ (బొమ్మ ఛాయ మార్చడం), తర్వాత హైపో.

తప్పులు జరిగే చోట్లు తెలిసినవే. అట్ట రవ్వంత పైకి జరిగితే దిగంతం వెంట తెల్ల గీత మిగులుతుంది, కిందికి జరిగితే రెండుసార్లు కాలి నల్ల గీత పడుతుంది. నేల మీద ఎడమ నుంచి ఎండ, మబ్బులకు కుడి నుంచి వెలుగు అయితే అతుకు పట్టుబడిపోతుంది. నీటిలో నీడ ఉంటే ఇంకా కష్టం, పైన లేని మబ్బు కింద కనిపించకూడదు కదా. దిగంతాన్ని చెట్టో గోపురమో కోసుకుపోతుంటే అంచు వెంట అట్ట కత్తిరించడం నరకం. సముద్రానికి దిగంతం తిన్నని గీత. ల గ్రే సముద్రాన్నే ఎంచుకోవడంలో కవిత్వం పాలు ఎంతో, ఈ తిన్నని గీత పాలూ అంతే ఉండి ఉంటుంది. ఫ్రాన్స్‌లోనే కమీల్ సిల్వీ 1858లో ఒక నది ఒడ్డు దృశ్యానికి ఇదే పని చేయాల్సి వచ్చింది. అక్కడ చెట్ల తలలు, ఇళ్లు ఉన్నాయి. ఆ ప్రింట్లలో చెట్ల చుట్టూ చేతిపని ఆనవాళ్లు వెతికితే దొరుకుతాయి.

అయితే ల గ్రే ఫొటోలన్నీ జోడింపులు కావు. 1856లో నార్మండీ దగ్గర తీసిన ఓడ ఫొటో ఒకే పలక. నీటి మీద వెలుగు తిరిగి కొడుతుంది కాబట్టి సముద్రానికీ ఆకాశానికీ ప్రకాశంలో తేడా నేల మీద ఉన్నంత ఉండదు. సూర్యుడికి ఎదురుగా కెమెరా పెట్టి, ఆకాశానికి సరిపోయేంతే ఎక్స్‌పోజర్ ఇస్తే మబ్బులు నిలుస్తాయి, ఓడ నల్లటి ఆకారంగా మిగులుతుంది. మధ్యలో వెలుగు మడుగు, చుట్టూ చీకటి. దాన్ని చూసినవారు వెన్నెల అనుకున్నారు, ‘వెన్నెల్లో ఓడ’ అనే పేరూ స్థిరపడింది. నిజానికి అది పట్టపగలు, మబ్బు చాటు సూర్యుడు. వెన్నెలను పట్టే శక్తి ఆ పలకకు లేనే లేదు. తక్కువ వెలుగు, నల్లటి అంచులు, వివరం లేని ఆకారం కలిస్తే మనసు రాత్రి అని చదువుకుంటుంది. సినిమావాళ్లు పగలు తీసి రాత్రిగా చూపించే పద్ధతికి మూలసూత్రం ఇదే.

## ప్రతీక బొమ్మలో ఉందా, పేరులో ఉందా?

బ్రిటన్, ఫ్రాన్స్‌లు రష్యాతో చేసిన క్రిమియా యుద్ధం తీయడానికి వెళ్లిన బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ రోజర్ ఫెంటన్ 1855 ఏప్రిల్ 23న తీసిన ఫొటోలో ఒక బోడి లోయ, ఒక బాట, చెల్లాచెదురుగా ఫిరంగి గుండ్లు తప్ప ఏమీ లేవు. శవం లేదు, సిపాయి లేడు. వేగంగా కదిలేది ఏదీ ఆయన పలక మీద స్పష్టంగా పడదు గనుక యుద్ధాన్ని యుద్ధంగా తీయడం అసాధ్యం. ఒకనాటి వైన్ వర్తకుడి బండిని డార్క్‌రూమ్‌గా మార్చుకుని, దాదాపు 700 గాజు పలకలతో వెళ్లిన ఆయనకు మిగిలింది యుద్ధం వదిలిన జాడను తీయడమే.

ఆ లోయను సిపాయిలు ‘మృత్యుచ్ఛాయ లోయ’ అనేవారు. బైబిల్ 23వ కీర్తనలోని మాట అది. లండన్‌లో ప్రదర్శించినప్పుడు ఫొటోకూ అదే పేరు. చూసే ప్రతివాడికీ కంఠతా వచ్చిన వాక్యం కాబట్టి ఖాళీ బాట నిండిపోయింది. పేరు తీసేస్తే మిగిలేది రాళ్లగుట్ట. తొలినాటి ల్యాండ్‌స్కేప్ ప్రతీకలు చాలావాటికి ఈ షరతు ఉంది, చూసేవాడు తెచ్చుకున్న పాఠం లేకపోతే అవి పలకవు.

ఇందులో చిక్కు, అదే చోటి నుంచి తీసిన పలకలు రెండున్నాయి. ఒకదానిలో గుండ్లు పక్కనున్న పల్లంలోనే ఉన్నాయి, రెండోదానిలో బాట మీద కూడా. సినిమా దర్శకుడు ఎర్రల్ మోరిస్ 2007లో రెంటినీ పోల్చిచూపారు. వాలు మీది చిన్న రాళ్లు కొన్ని రెండో దానిలో కిందికి జారి ఉన్నాయి. రాళ్లు వాలు ఎక్కవు కాబట్టి ఖాళీ బాటే ముందుది. అంటే గుండ్లు తర్వాత బాట మీదికి వచ్చాయి. అక్కడ పెట్టిన చేయి ఫెంటన్‌దా, తిరిగి వాడుకోవడానికి గుండ్లు ఏరుతున్న సిపాయిలదా అన్నది రాళ్లు చెప్పవు.

మూడేళ్లకు లక్నోలో ఫెలిచె బెయాటో అనే ఫొటోగ్రాఫర్ ఇంకా ముందుకు వెళ్లాడు. 1857 నవంబరులో సికందర్‌బాగ్‌లో తిరుగుబాటుదారులపై జరిగిన ఊచకోత ఫొటోను ఆయన తీసింది 1858లో. ముంగిట ఎముకలు పరిచి ఉంటాయి. నెలల కిందటి చావు నిన్నటిదిలా కనిపించాలన్న ఉద్దేశం దాగదు. గుండ్లు బ్రిటిష్ ప్రేక్షకుడిలో జాలి రేపడానికి, ఎముకలు, ఎవరైనా తిరగబడితే ఏమవుతుందో చూపడానికి. ఒకే పద్ధతి రెండు రాజకీయాలకు పనికొచ్చింది.

## మనుషులు లేని లోయ

అమెరికాలో కార్ల్‌టన్ వాట్కిన్స్ 1861లో యోసెమిటీ లోయకు 18, 22 అంగుళాల పలకలు పట్టే కెమెరా తీసుకెళ్లాడు. ఎన్‌లార్జ్ చేయడం అప్పటికి అంతగా వాడుకలో లేదు, ప్రింటు ఎంత కావాలంటే నెగెటివ్ అంత ఉండాలి. మూడు మిల్లీమీటర్ల మందమున్న గాజైతే ఆ కొలతలో ఒక్క పలకే దాదాపు రెండు కిలోలు. కంచర గాడిదల మీద మోయించి, అలాంటి పలకలు 30 తీశాడు. పరిమాణమే ఇక్కడ భావం. అరచేతిలో పట్టే బొమ్మలో కొండ కొండలా అనిపించదు.

దీర్ఘ ఎక్స్‌పోజర్ మిగిలింది చేసింది. జలపాతం తెల్లటి పొగైంది, గాలి కదలని పొద్దుటి సరస్సు అద్దమైంది. కొండ, దాని తలకిందుల ప్రతిబింబం కలిసి నిశ్చలతకు, సృష్టికర్త సన్నిధికి గుర్తులుగా నిలిచాయి. 1862 చివర న్యూయార్క్‌లో ప్రదర్శనకు పెట్టారు. 1864 జూన్ 30న లింకన్ ఆ లోయను కాపాడే చట్టంపై సంతకం చేశారు. ఆ చట్టానికి ఈ ఫొటోలు ఊతమిచ్చాయని చరిత్రకారులు సాధారణంగా ఒప్పుకుంటారు.

ఈ ‘మానవస్పర్శ లేని స్వర్గం’ బొమ్మలో ఒక అబద్ధం ఉంది. లోయలో తరతరాలుగా ఉన్న అవానీచీ ప్రజలను సాయుధ దళం 1851లోనే వెళ్లగొట్టింది. పదేళ్ల తర్వాత కెమెరా చూసిన నిర్జనత ప్రకృతి ఇచ్చింది కాదు.

తిమోతీ ఓ సల్లివాన్ ఇందుకు భిన్నం. ప్రభుత్వ సర్వేతో పాటు వెళ్లి 1867లో నెవాడా ఇసుక దిబ్బలు తీసినప్పుడు, నాలుగు కంచర గాడిదలు కట్టిన తన డార్క్‌రూమ్ బండిని ఫ్రేములోనే ఉంచాడు. బండి దగ్గర నుంచి కెమెరా వైపు ఇసుకలో అడుగుజాడలు. పలక తడారకముందే నడిచిన జాడలు అవి. ఇక్కడ గాంభీర్యం లేదు, దాహం ఉంది. ఈనాటి కంటికి వాట్కిన్స్ కన్నా ఆయనే దగ్గరగా తోచడానికి కారణం అదే కావచ్చు.

## హిమాలయాలు, మదురై

1863లో భారతదేశానికి వచ్చిన శామ్యూల్ బోర్న్ హిమాలయాల్లోకి మూడు యాత్రలు చేసి, 1866లో దాదాపు 18,600 అడుగుల ఎత్తున్న మణిరంగ్ కనుమ దగ్గర తడి పలకలతోనే ఫొటోలు తీశాడు. గాజు, రసాయనాలు, గుడారం మోసింది పదుల సంఖ్యలో కూలీలు. అంత శ్రమపడీ ఆయన హిమాలయాల మీద ఫిర్యాదు చేశాడు. కొండలు బ్రహ్మాండమే కానీ ‘చిత్రం’ కుదరడం లేదన్నది దాని సారాంశం. సరస్సు, వంకర దారి, ముంగిట చెట్టు, దూరాన మసక కొండ ఉండాలన్న ఇంగ్లిష్ చిత్రకళా సూత్రం ఆయన తలలో ఉంది. మంచు కొండ ఆ చట్రంలో ఒదగదు. పలక కూడా సహకరించదు, మంచూ ఆకాశమూ రెండూ తెలుపే. ఆయన మంచి ఫొటోల్లో కొండ అంచు నిలవడానికి నల్లటి దేవదారులు కారణం.

మద్రాసు ప్రెసిడెన్సీ ఫొటోగ్రాఫర్‌గా 1856లో నియమితుడైన లినేయస్ ట్రైప్ దారి వేరు. ఆయనవి మైనం పట్టించిన కాగితపు నెగెటివ్‌లు. ఎండలో గాజులా తొందరపెట్టవు, ముందే సిద్ధం చేసుకోవచ్చు. శ్రీరంగం, తంజావూరు, మదురై 1858లో ఆయన కెమెరాకు చిక్కాయి. ఆకాశం సమస్యకు ట్రైప్ కనిపెట్టిన ఉపాయం కుంచె. నెగెటివ్ మీద రంగును పలచగా ఒకచోట, చిక్కగా ఒకచోట పూస్తే ప్రింటులో మబ్బులు తేలుతాయి. మదురై దగ్గరి ఆనమలై బండ లాంటి దృశ్యాలకు ఆ మెత్తటి మబ్బులు ఇచ్చే ప్రశాంతత సర్వే రికార్డు కోసం అడిగింది కాదు. 1859లో గవర్నరుగా వచ్చిన ట్రెవెల్యన్ ఖర్చు దండగని ఆ పనే ఆపించారు.

## కావాలని తెచ్చుకున్న మసక

1880ల్లో కొనుక్కోదగ్గ పొడి పలకలు వచ్చాక గుడారం, గడువు రెండూ పోయాయి. జర్మన్ రసాయన శాస్త్రవేత్త వోగెల్ 1873లోనే రంగు అద్దకాలతో పలకకు పచ్చ, పసుపు చూసే శక్తి ఇవ్వవచ్చని చూపించాడు. లోపం తగ్గుతున్నకొద్దీ దాన్ని కావాలని తెచ్చుకోవడం మొదలైంది.

ఇంగ్లండ్‌లో పీటర్ హెన్రీ ఎమర్సన్ వాదన శాస్త్రం పేరుతో సాగింది. కన్ను ఒక్క చోటే స్పష్టంగా చూస్తుంది, కాబట్టి ఫొటోలో ముఖ్య వస్తువు తప్ప మిగతాది కొద్దిగా మసకగా ఉండాలన్నాడు. డెవలపింగ్‌లో వెలుగునీడల నిష్పత్తిని భావానికి తగ్గట్టు మార్చుకోవచ్చని కూడా నమ్మాడు. 1890లో హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు కొలతలు వేసి చూపించింది వేరు. డెవలపింగ్ సమయం మారిస్తే కాంట్రాస్టు మారుతుంది, అంతే. ఏ వెలుగుకు ఏ నలుపు అన్న వరస, పలక వెలుగుకు స్పందించే తీరును చూపే వంపురేఖకు కట్టుబడి ఉంటుంది. కొద్ది నెలల్లోనే ఎమర్సన్ ఫొటోగ్రఫీ కళ కాదని తన సిద్ధాంతాన్ని తానే కాదన్నాడు.

ఫొటోను చిత్రలేఖనంలా మలచాలనుకున్న పిక్టోరియలిస్టులు ఆ వంపురేఖను ప్రింటు దగ్గర దాటేశారు. తుమ్మజిగురు ద్రావణం, పొటాషియం బైక్రోమేట్ ద్రావణం సమపాళ్లలో కలిపి, నీటిరంగు చేర్చి కాగితానికి పూస్తారు. ఎండ తగిలినచోట జిగురు గట్టిపడుతుంది, తగలనిచోట నీళ్లలో కరిగిపోతుంది. తడిగా ఉండగానే కుంచెతో కావలసినచోట రంగు లేపేయవచ్చు. రంగు ఎక్కువైతే పొరలుగా ఊడిపోతుంది, జిగురు తగ్గితే తెలుపులు మరకపడతాయి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ స్టైకెన్ 1904లో న్యూయార్క్ దగ్గర మమారొనెక్‌లో తీసిన వెన్నెల మడుగు ఫొటోకు మిగిలిన మూడు ప్రింట్లూ మూడు రకాలుగా ఉండేది ఇలాంటి చేతిపని వల్లే. వాటిలో ఒకటి 2006లో 29 లక్షల డాలర్లకు పైగా పలికింది.

## దిగంతం తీసేశాక

మన అలంకార శాస్త్రం భావాన్ని రేపే పరిస్థితులను రెండుగా విడదీస్తుంది. నాయికా నాయకులు ఆలంబనం. చంద్రుడు, తోట, మలయమారుతం ఉద్దీపనం. ఆలంబనం లేకుండా ఉద్దీపనం ఒక్కటే నిలబడదు, వెన్నెల కాగాలంటే విరహిణి ఉండాలి. తొలినాటి ల్యాండ్‌స్కేప్ ఫొటోల చిక్కుముడిని ఈ లెక్కన చూస్తే సులువుగా విడిపోతుంది. ఫెంటన్ పేరు, ల గ్రే ఓడ, వాట్కిన్స్ దైవసన్నిధి అన్నీ ఉద్దీపనానికి ఆలంబనం వెతికిన ప్రయత్నాలే.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1922లో న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ జార్జ్ సరస్సు దగ్గర మబ్బులు తీయడం మొదలుపెట్టే నాటికి అన్ని రంగులనూ చూసే పాంక్రొమాటిక్ ఎమల్షన్లు (వెలుగును పట్టే పూతలు) బజార్లో ఉన్నాయి. నీలాన్ని నల్లబరిచి మబ్బును తెల్లగా నిలపడం ఇప్పుడు ఒక ఫిల్టరు పని. 1922 నాటి మొదటి వరుసలో కింద కొండ అంచు ఇంకా కనిపిస్తుంది. తర్వాతి ఏళ్లలో చేతి కెమెరాతో తీసి ‘సమానార్థకాలు’ అని పేరు పెట్టిన చాలా వాటిలో అదీ లేదు. అరచేయంత ప్రింటు, నిండా మబ్బు. తన మనఃస్థితికి అవి సాటి అన్నది ఆయన మాట, అయితే ఏ మనఃస్థితికి ఏది సాటో చెప్పే పేరు వాటికి లేదు. నేల లేదు, దిగంతం లేదు, ఎత్తు ఎంతో కొలిచే చెట్టు లేదు. ఏ అంచును పైకి పెట్టి గోడకు తగిలించాలో కూడా బొమ్మను బట్టి తేల్చడం కష్టం.